అమ్మ సంతకంతో ట్రాన్స్‌క్రిప్ట్: 36 క్రెడిట్లు 25 ఎలా అయ్యాయి

హోమ్‌స్కూల్ పిల్లలకు, అంటే బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకునేవాళ్లకు, కాలేజీ అప్లికేషన్లు సిద్ధం చేయించడం నా పని. ఉండేది డాలస్ దగ్గర కాబట్టి వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉంటారు. ఇది ఫ్రిస్కో వైపు ఉండే ఒక కుటుంబం సంగతి. వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టేలా ఉన్న వివరాలు మార్చాను.

అమ్మాయి ఎనిమిదో తరగతి దాకా పబ్లిక్ స్కూల్లోనే చదివింది. 2021 వేసవిలో తల్లిదండ్రులు స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఒక ఉత్తరం రాసి మాన్పించారు. టెక్సాస్‌లో అంతకు మించి తతంగం లేదు. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇచ్చిన తీర్పుతో ఇక్కడ హోమ్‌స్కూల్ అంటే ప్రైవేట్ స్కూల్ కింద లెక్క. రిజిస్ట్రేషన్ లేదు, తనిఖీలు లేవు, ఏటా రాయాల్సిన పరీక్ష లేదు. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, పౌరబాధ్యత ఉన్న పాఠాలు నిజాయితీగా చెప్పుకుంటే చాలు. మూడేళ్లు ఇది హాయిగానే ఉంటుంది. నాలుగో ఏడు కాలేజీ వాళ్లు ట్రాన్స్‌క్రిప్ట్ అడుగుతారు, అంటే హైస్కూల్లో చదివిన కోర్సులు, వాటి క్రెడిట్లు, గ్రేడ్లు ఉండే కాగితం.

హైదరాబాద్‌లో ఉన్న తాతగారు వీడియో కాల్‌లో ఒకటే అడిగారట: "మెమో మీద సంతకం ఎవరిది, సీలు ఎవరిది?" తల్లి ఈ మాట నవ్వుతూనే చెప్పింది, టెన్షన్ మాత్రం మొహంలో కనిపిస్తూనే ఉంది. పెద్దాయన అడిగినదాంట్లో తప్పు లేదు. మన దగ్గర ఇంట్లో చదివించినా చివరికి జాతీయ ఓపెన్ స్కూల్ (ఎన్ఐఓఎస్)లోనో ఇంకో బోర్డులోనో ప్రైవేటుగా పరీక్ష రాయించాల్సిందే. ఆ మెమో చేతిలో లేకపోతే ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దాకా వెళ్లలేం. ఇక్కడ బోర్డే లేదు. ప్రిన్సిపాల్ అమ్మే, కౌన్సెలర్ అమ్మే, సగం సబ్జెక్టులకు టీచర్ కూడా అమ్మే. సంతకమూ ఆవిడదే. టెక్సాస్ ఎడ్యుకేషన్ కోడ్ ప్రకారం పబ్లిక్ యూనివర్సిటీలు హోమ్‌స్కూల్ పిల్లల్ని మిగతావాళ్లతో సమానంగానే చూడాలి. చట్టం వరకు ఇబ్బంది లేదు. అడ్మిషన్ ఆఫీసులో ఆ కాగితం చదివే మనిషికి నమ్మకం కుదరాలి, నా పనంతా అక్కడే.

తెచ్చిన డ్రాఫ్ట్

2024 జూన్‌లో, అమ్మాయి పన్నెండో తరగతిలోకి వెళ్లబోతుండగా నా దగ్గరికి వచ్చారు. తల్లి చేతిలో మూడు పేజీల ట్రాన్స్‌క్రిప్ట్ ఉంది. పైన బంగారు రంగు చిహ్నం, కింద 'ఇంటర్నేషనల్ అకాడమీ' అని ముగిసే పెద్ద పేరు. రాబోయే ఏడాదితో కలిపి 36 క్రెడిట్లు. అన్నిట్లో ఏ ప్లస్. వెయిటెడ్ జీపీఏ, అంటే కష్టమైన కోర్సులకు అదనపు పాయింట్లు కలిపి కట్టిన గ్రేడ్ల సగటు, 4.8.

టెక్సాస్ పబ్లిక్ స్కూల్లో గ్రాడ్యుయేట్ అవ్వడానికి 22 క్రెడిట్లు కావాలి, ఒక రంగంలో అదనపు కోర్సులు చేసే ఎండార్స్‌మెంట్‌తో అయితే 26. హోమ్‌స్కూల్‌కి ఆ నియమం వర్తించదు. అయినా చదివే ఆఫీసర్ కంటికి అలవాటైన కొలత అదే. 36 అని కనపడగానే ఆ మనిషి చదవడం ఆపి లెక్కలు తీయడం మొదలుపెడతాడు.

ఆవిడ అబద్ధం ఒక్కటీ రాయలేదు. ప్రతి లైను వెనకా పిల్ల నిజంగా చేసిన పని ఉంది, గరాజ్‌లో అట్టపెట్టెల నిండా నోట్‌బుక్కులు ఉన్నాయి. చిక్కల్లా ఏమిటంటే పిల్ల చేసిన ప్రతి మంచి పనీ క్రెడిట్ అయి కూర్చుంది. "ఇన్ని చేసింది కదండీ, రాయకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?" అంది.

తెలియాల్సిందే. కాకపోతే చాలా కాలేజీలకు ఒకే చోట అప్లై చేసుకునే కామన్ యాప్‌లో చెప్పుకోవడానికి వేరే చోట్లు ఉన్నాయి: యాక్టివిటీస్ జాబితా, కోర్సు వివరణలు, కౌన్సెలర్ ఉత్తరం, స్కూల్ ప్రొఫైల్. ఒకే పని రెండు చోట్ల కనిపిస్తే రెండు చోట్లా విలువ పోతుంది. అందుకని మొదటి రోజు నుంచీ మేం చేసింది ఎక్కువగా తీసివేత పనే.

ఏది ఉంచాం, ఏది తీశాం

కొలబద్ద ఒకటి కావాలి కాబట్టి అమెరికాలో ఎప్పటినుంచో వాడే కార్నెగీ యూనిట్ తీసుకున్నాం. ఏడాదిలో 120 గంటల చదువు ఒక క్రెడిట్, 60 గంటలు అర క్రెడిట్. దానికి నా షరతు ఇంకొకటి కలిపాను. ఎవరైనా ఫోన్ చేసి "ఈ కోర్సులో ఏం చేశారు?" అంటే పెట్టెలోంచి తీసి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

తెలుగు నాలుగు క్రెడిట్లు వేసుకున్నారు. ఇంట్లో మాట్లాడుతున్నాం కదా అని ఏడాదికొకటి. ఇంట్లో మాట్లాడేదానికి క్రెడిట్ ఇవ్వను. తొమ్మిది, పది తరగతుల్లో మాత్రం అమ్మాయి వారానికి మూడు రోజులు కూర్చుని చదివింది, కథలకు సారాంశాలు రాసింది, పద్యాలకు తాత్పర్యాలు రాసింది. ఆ రెండేళ్లకు రెండు క్రెడిట్లు ఉంచాం. ఒకే భాష రెండేళ్లు చదివితే చాలా కాలేజీలకు సరిపోతుంది కూడా. "తెలుగు మీరే నేర్పి మీరే మార్కులు వేశారా?" అనే మాట రాకుండా అవాంట్ సంస్థ పెట్టే స్టాంప్ డబ్ల్యూఎస్ పరీక్ష రాయించాం. అందులో తెలుగు ఉంది, మాట్లాడటం, రాయడం రెండూ చూస్తారు. మాట్లాడటంలో ఇంటర్మీడియట్ (మధ్యస్థాయి) హై, రాయడంలో దానికన్నా ఒక మెట్టు కింద ఉండే ఇంటర్మీడియట్ మిడ్ వచ్చింది. అమెరికాలో పెరిగిన మన పిల్లలకు ఇలా రావడం మామూలే. రాతలో తక్కువ వచ్చిందని తల్లి బాధపడింది గానీ, బయటివాళ్లు ఇచ్చిన ఆ స్థాయి ఇంట్లో వేసుకున్న నాలుగు ఏ ప్లస్‌ల కన్నా గట్టిది.

కర్ణాటక సంగీతం కూడా నాలుగు క్రెడిట్లే. వారానికో గంట క్లాసు, ఇంటి దగ్గర సాధన కలిపితే ఏడాదికి 60 గంటలు దాటతాయి, 120కి చేరవు. ఏడాదికి అర చొప్పున రెండు క్రెడిట్లు ఫైన్ ఆర్ట్స్ కింద పెట్టాం. కోర్సు వివరణలో ఏ ఏడు ఎన్ని వర్ణాలు, ఎన్ని కీర్తనలు, ఏ రాగాలు అన్నది గురువుగారి చేత రాయించుకున్నాం. గుడిలో కచేరీలు, చిన్నపిల్లలకు సరళీ స్వరాలు నేర్పడం యాక్టివిటీస్‌లోకి వెళ్లాయి.

పైథాన్ పేరు మీద మూడు కోర్సులున్నాయి. తెరిచి చూస్తే మూడింట్లోనూ మొదటి సగం ఒకటే పాఠం. ఒక్కటే ఉంచాం. యోగా, బ్యాడ్మింటన్, వాకింగ్ మూడు వేర్వేరు క్రెడిట్లుగా ఉంటే కలిపి పీఈ (వ్యాయామం) ఒకటి చేశాం. వంట, శ్లోకాలు, గుడిలో సేవ తలా ఒక క్రెడిట్. సేవ నేరుగా యాక్టివిటీస్‌లోకి పోయింది. శ్లోకాల ప్రస్తావన కౌన్సెలర్ ఉత్తరంలో ఒక వాక్యం అయింది. వంట తీసేశాం, దాని మీద పెద్ద గొడవే అయింది.

తెలుగులో రెండు, సంగీతంలో రెండు, పైథాన్‌లో రెండు, పీఈలో రెండు, ఆపైన ఈ మూడు. మొత్తం 11 పోయి 25 మిగిలాయి. ఒక్క పేజీలో పట్టింది.

ఎనిమిదో తరగతిలో పబ్లిక్ స్కూల్లో చేసిన ఆల్జీబ్రా 1 హైస్కూల్ స్థాయి కోర్సే కాబట్టి దాన్నీ చూపించాం, పాత డిస్ట్రిక్ట్ నుంచి రికార్డు తెప్పించాకే. ఇలాంటిది ఉందని చాలామందికి గుర్తుండదు.

మార్కులు ఎవరు నమ్మాలి

పదకొండో తరగతిలో అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్, అంటే హైస్కూల్‌కీ కాలేజీకీ రెండింటికీ లెక్కయ్యే కోర్సులు తీసుకుంది. ఇంగ్లిష్ 1301లో బి, 1302లో ఏ, అమెరికా చరిత్ర 1301, 1302 రెండింట్లో ఏ. తల్లి డ్రాఫ్ట్‌లో ఆ బి వచ్చిన కోర్సు అసలు లేదు. 1302 ఒక్కటే, అదీ 'ఆనర్స్ లిటరేచర్' అని కొత్త పేరుతో ఉంది.

ఈ విషయంలో నేను కాస్త గట్టిగానే మాట్లాడాను. కాలేజీలో తీసుకున్న కోర్సుకి ఆ కాలేజీయే ఆఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ నేరుగా పంపుతుంది. ఏ కాలేజీల్లో చదివావో అన్నీ రాయమని అప్లికేషన్‌లోనే అడుగుతారు. ఇంటి కాగితంలో లేనిది ఆ కాగితంలో కనబడితే అప్పుడు అనుమానం బి మీద ఉండదు, మిగతా అన్ని గ్రేడ్ల మీదా పడుతుంది. కోర్సు పేరు, సెమిస్టర్, గ్రేడ్ మూడూ కాలేజీ రికార్డులో ఎలా ఉంటే అలా అక్షరం పొల్లు పోకుండా రాయాలి. పైగా నా అనుభవంలో ఆ బి మేలే చేస్తుంది. బయటి ప్రొఫెసర్ దగ్గర మొదటి సెమిస్టర్‌లో బి తెచ్చుకుని రెండో సెమిస్టర్‌లో ఏ తెచ్చుకున్న పిల్లకి ఇంట్లో ఏ వేస్తే నమ్మబుద్ధేస్తుంది.

ఇంటి గ్రేడ్లకు వస్తే ముందు ఏ ప్లస్ తీసేశాం. 90 పైన ఏ, 80 పైన బి, అంతే. కెమిస్ట్రీలో తల్లి 95 వచ్చేదాకా మళ్లీ మళ్లీ టెస్టు పెట్టేది. లెక్కల్లో మాత్రం ఒక్కసారే. రెండింటికీ ఒకే నియమం ఉండాలి కదా అని కెమిస్ట్రీలో మొదటిసారి రాసిన టెస్టులు తీసి సగటు కడితే 86 వచ్చింది. ఆవిడ చాలాసేపు ఆ కాగితాల వైపే చూస్తూ కూర్చుంది. "బి పెట్టేయమ్మా, నేను రాసింది బి కే" అని అమ్మాయే అంది.

పదో తరగతి ఇంగ్లిష్ వ్యాసాలకు మార్కులే లేవు, మార్జిన్లలో వ్యాఖ్యలున్నాయి. దేన్నిబట్టి మార్కులు వేయాలో చెప్పే రూబ్రిక్ ఒకటి తయారుచేసి తల్లీ, ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ టీచరూ విడివిడిగా దిద్దారు. ఇద్దరి సగటు 91. ఏ ఉంచాం.

జీపీఏ లెక్క ఎలా వేశామో పదకొండో తరగతి ప్రధాన సబ్జెక్టుల వరకు చూపిస్తాను. ఇక్కడ పబ్లిక్ హైస్కూళ్లు ఒక సెమిస్టర్ కాలేజీ కోర్సుకి మామూలుగా అర క్రెడిట్ ఇస్తాయి. కొన్ని హోమ్‌స్కూల్ కుటుంబాలు పూర్తి క్రెడిట్ వేసుకుంటాయి. ఏది పాటించినా అదే ట్రాన్స్‌క్రిప్ట్ కింద రాసేయాలి. మేం అర తీసుకున్నాం. ఏ కి 4 పాయింట్లు, బి కి 3. ఇంగ్లిష్ 1301 బి: 0.5 ఇంటూ 3, అంటే 1.5. ఇంగ్లిష్ 1302, చరిత్ర రెండు కోర్సులు, మూడూ ఏ: ఒక్కోటి 2 చొప్పున 6. ప్రీకాల్క్యులస్ ఏ: 4. ఆనర్స్ బయాలజీ ఏ: 4. ఫిజిక్స్ బి: 3. మొత్తం 18.5 పాయింట్లు, 5 క్రెడిట్లు. భాగిస్తే 3.70. పీఈకి పాస్ అని మాత్రం పెట్టి లెక్కలో కలపలేదు.

వెయిటెడ్ జీపీఏ వద్దన్నాను. ఇంట్లో ఇచ్చుకున్న ఆనర్స్‌కి ఇంట్లోనే అదనపు పాయింట్లు కలుపుకుంటే చూడటానికి బాగోదు. చాలా యూనివర్సిటీలు ఎలాగూ తమ పద్ధతిలో మళ్లీ లెక్క కట్టుకుంటాయి. క్లాస్ ర్యాంక్ దగ్గర 'ర్యాంక్ లేదు, హోమ్‌స్కూల్' అని రాశాం. ఒక్కతే పిల్ల ఉన్న క్లాసులో ఫస్ట్ ర్యాంక్ అని రాసుకున్నవాళ్లనీ చూశాను!

బయాలజీ, పెరుగు నోట్‌బుక్కు

డ్రాఫ్ట్‌లో 'ఏపీ బయాలజీ' అని ఉంది. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. పాఠం తల్లి చెప్పింది, అమ్మాయి 2024 మేలో ఏపీ పరీక్ష రాసింది, జులైలో 5కి 4 వచ్చింది. అయినా ఆ పేరు వాడకూడదు. ట్రాన్స్‌క్రిప్ట్ మీద కోర్సుకి ఏపీ అని పెట్టాలంటే సిలబస్‌ని ఏపీ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డ్ సంస్థ కోర్స్ ఆడిట్‌కి పంపి ఆమోదం తెచ్చుకోవాలి. హోమ్‌స్కూల్ తల్లిదండ్రులూ పంపుకోవచ్చు, వీళ్లు పంపలేదు. అందుకే 'ఆనర్స్ బయాలజీ' అని పెట్టి, కింద ఏపీ పరీక్ష స్కోరు 4 అని రాశాం. పన్నెండులో తీసుకునే కాల్క్యులస్ ఆమోదం ఉన్న ఆన్‌లైన్ సంస్థది కాబట్టి దానికి ఏపీ అనే రాయగలిగాం.

ఏపీ పరీక్ష రాయించడమే ఒక ప్రహసనం. బయటి పిల్లల్ని రానిచ్చే స్కూల్ మనమే వెతుక్కోవాలి, పరీక్షలకు ఆర్డర్ పెట్టే గడువు నవంబరులోనే అయిపోతుంది. దగ్గరున్న స్కూళ్లు కుదరదన్నాయి, చివరికి గంట ప్రయాణం దూరంలో ఒకటి దొరికింది. ఆగస్టులోనే ఫోన్లు మొదలుపెట్టమని అందరికీ చెబుతుంటాను.

ఇక ల్యాబ్. వీళ్లు శాకాహారులు, నా వంటింట్లో కప్పను కోయడానికి వీల్లేదని తల్లి తేల్చి చెప్పేసింది. కోర్సు వివరణలో ఏం రాయాలో తెలియక 'ప్రామాణిక ప్రయోగాలు చేయబడినవి' అని పెట్టింది. పెట్టెలు దింపించి చూస్తుంటే ఒక నోట్‌బుక్కు దొరికింది. పాలు తోడుపెట్టి మూడు గిన్నెల్లో మూడు చోట్ల ఉంచింది అమ్మాయి: ఒకటి కౌంటర్ మీద, ఒకటి లైటు వేసి ఉంచిన అవెన్‌లో, ఒకటి ఫ్రిజ్‌లో. గంటగంటకీ థర్మామీటర్, పీహెచ్ స్ట్రిప్ పెట్టి చూసి రాసుకుంది. రాత్రి రెండింటి రీడింగ్ ఎదురుగా 'నిద్రపోయాను' అని ఉంది. ఉదయం చుక్క పెరుగు మైక్రోస్కోప్ కింద పెట్టి చూసిన బ్యాక్టీరియా బొమ్మ కూడా వేసింది. ఇంకో పేజీలో మందార పువ్వును కోసి భాగాలు అంటించి ఉన్నాయి.

'ప్రామాణిక ప్రయోగాలు' కొట్టేసి ఇవే రాశాం. రెండు వాక్యాల్లో, రాత్రి రెండింటికి రీడింగ్ లేదన్న సంగతితో సహా.

అమ్మే కౌన్సెలర్

ఆ బంగారు చిహ్నం తీయించాను. ఇంటిపేరు, పక్కన హోమ్‌స్కూల్, అంతే. అమ్మాయి పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఉంచాం, సోషల్ సెక్యూరిటీ నంబరు పెట్టలేదు. కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్ష రిజిస్ట్రేషన్‌లో స్కూల్ కోడ్ అడిగితే హోమ్‌స్కూల్ పిల్లలందరికీ ఉన్న 970000 ఇచ్చాం. అలాంటిదే ఇంకో పరీక్ష యాక్ట్‌కి అయితే 969999. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ 2025 ఫాల్ అడ్మిషన్ల నుంచి శాట్ లేదా యాక్ట్ స్కోరు మళ్లీ తప్పనిసరి చేసింది. చాలామంది తిట్టుకున్నారు. మా పిల్లలకు మాత్రం బయటి సాక్ష్యం ఎంత ఉంటే అంత మంచిది.

ప్రతి కోర్సు పక్కన ఒక అక్షరం పెట్టాం: ఇల్లు, ఆన్‌లైన్, కమ్యూనిటీ కాలేజీ, పాత పబ్లిక్ స్కూల్. గుర్తింపు లేదన్న సంగతి దాచకుండా స్కూల్ ప్రొఫైల్లో టెక్సాస్ చట్టం ప్రకారం నడిచే ప్రైవేట్ హోమ్‌స్కూల్ అని రాశాం. వాట్సాప్ గ్రూపులో ఎవరో, డబ్బు కడితే గుర్తింపు ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్ తయారుచేసిస్తారని ఒక లింకు పంపారట. మూడేళ్ల చదువు తెలియని వాడు వేసిన ముద్రకి విలువేముంటుంది? దాని జోలికి పోవద్దన్నాను.

కామన్ యాప్‌లో తల్లి కౌన్సెలర్‌గా వేరే ఈమెయిల్‌తో ఖాతా తెరిచింది. ఉత్తరం మొదటి డ్రాఫ్ట్ నిండా పొగడ్తలే: చురుకైనది, వినయం గలది, దేవుడిచ్చిన వరం. తల్లి పొగిడితే ఎవరూ తప్పుపట్టరు, ఎవరూ పట్టించుకోరు కూడా. స్కూల్ ఎందుకు మాన్పించారు, సిలబస్ ఎలా ఎంచుకున్నారు, ఎక్కడ కుదరక మార్చుకున్నారు, ఇవి రాయమన్నాను. ఇవి ఆవిడ తప్ప ఇంకెవరూ చెప్పలేరు. రెండో డ్రాఫ్ట్‌లో జియోమెట్రీ పుస్తకం సగంలో వదిలేసి ఇంకోటి మొదలుపెట్టిన సంగతి వచ్చింది, ఉత్తరానికి ప్రాణం వచ్చింది. టీచర్ రికమెండేషన్ కమ్యూనిటీ కాలేజీ ఇంగ్లిష్ ప్రొఫెసర్ ఇచ్చారు, బి ఇచ్చినాయనే.

ఒక కాలేజీ నోటరీ అడిగితే బ్యాంకులో చేయించుకొచ్చారు. నోటరీ చెప్పేది సంతకం ఫలానావారిదేనని మాత్రమే, మార్కుల సంగతి ఆయనకు సంబంధం లేదు.

ఎర్ర గుర్తు

అక్టోబరులో అప్లికేషన్లు వెళ్లాయి. ఒక యూనివర్సిటీ పోర్టల్లో హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్ దగ్గర ఎర్ర గుర్తు పోవడమే లేదు. అమ్మాయి తన ఖాతాలోంచి అప్‌లోడ్ చేసింది, అది ఆఫీషియల్ కింద తీసుకోలేదు. తల్లి కౌన్సెలర్ ఖాతాలోంచి పంపింది, అయినా గుర్తు మారలేదు. ఈమెయిల్ పెడితే 'మీ స్కూల్ కౌన్సెలర్‌ని సంప్రదించండి' అని జవాబు. "నేనే కదండీ ఆ కౌన్సెలర్‌ని" అని ఆవిడ తల పట్టుకుంది. హోమ్‌స్కూల్ అప్లికేషన్లు చూసే ఉద్యోగి ఎవరో కనుక్కుని ఫోన్ చేస్తే, ఫైల్ వచ్చే ఉంది, స్కూల్ పేరు సిస్టమ్‌లో లేక పక్కన పడిపోయిందని తేలింది. నిమిషాల్లో సరిచేశారు. ప్రతి కాలేజీలో ఆ ఒక్క మనిషి పేరు, నంబరు ముందే రాసి పెట్టుకోవాలి.

జనవరిలో ఫాల్ సెమిస్టర్ గ్రేడ్లతో మిడ్ ఇయర్ రిపోర్ట్ పంపాం. రెండు టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో బయాలజీలో సీటు వచ్చింది, వేరే రాష్ట్రంలో ఒకటి కాదంది. ఎందుకు కాదన్నారో వాళ్లు చెప్పరు, నేను ఊహించను. మే నెలాఖరున గ్రాడ్యుయేషన్ తేదీ వేసి తల్లి మళ్లీ సంతకం చేసింది. ఆ ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్, కమ్యూనిటీ కాలేజీ ఆఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ అందాకే అమ్మాయి చేరబోయే యూనివర్సిటీలో ఫైల్ పూర్తయింది. గరాజ్‌లో పెట్టెలు కనీసం మొదటి ఏడాది అయ్యేదాకా పారేయొద్దన్నాను.

వంట క్రెడిట్ విషయంలో ఆవిడ ఇప్పటికీ నాతో ఒప్పుకోలేదు. రెండేళ్లు వారానికి నాలుగు రోజులు ఇంటిల్లిపాదికీ పిల్లే వండిందనీ, గంటలు లెక్కేస్తే కెమిస్ట్రీ కన్నా ఎక్కువేననీ, పబ్లిక్ స్కూల్లో అయితే కలినరీ ఆర్ట్స్ అని క్రెడిట్ ఇస్తారనీ ఆవిడ వాదన. మూడూ నిజాలే. న్యూట్రిషన్ పేరుతో అర క్రెడిట్ ఇచ్చే కౌన్సెలర్లు ఉన్నారు. నేను ఇవ్వను, రాసిన కాగితం ఒక్కటీ లేదు కాబట్టి. ఇప్పుడు తమ్ముడు తొమ్మిదిలో ఉన్నాడు. వాడి చేత మాత్రం వండిన రోజల్లా ఒక నోట్‌బుక్కులో రాయిస్తోంది.